రాగం వింటూ రంగు కలపడం: పాట నుంచి పెయింటింగ్ దాకా

"ఇందులో వీణ ఎక్కడుందండీ?" అని నా బొమ్మ ముందు నిలబడి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కింద చీటీ మీద ‘హిందోళం, వీణ’ అని రాసి ఉంటుంది. బొమ్మలో చూస్తే వీణా లేదు, వాయించే మనిషీ లేరు. నీలం మీద నీలం, మధ్యలో ఇటుక రంగు గీత ఒకటి, కుడిచేతి వైపు రంగు తగలని కాగితం. అడిగినవాళ్లను కూర్చోబెట్టి, ఫోన్‌లో ఆ వాదనం పెట్టి, దానితో పాటే బొమ్మ మీద వేలు నడిపిస్తాను. రెండు నిమిషాలు కాకముందే "ఇదిగో, ఇక్కడ పైకెళ్లింది" అని వాళ్లే చూపిస్తారు.

మాది కోనసీమ. అమలాపురం దగ్గర కాలవ గట్టున ఇల్లు, మేడ మీద గది. ఆ గదిలో సంగీతం వింటూ బొమ్మలు వేసే పద్ధతి ఒకటి నాకు నేనుగా కుదుర్చుకున్నాను. దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ చెబుతాను. బ్రష్ పట్టడం కొద్దిగా వచ్చి ఉంటే చాలు. సంగీతం నేర్చుకుని ఉండక్కర్లేదు, వినే ఓపిక ఉండాలి.

ముందుగా ఒక్క మాట. ఈ పద్ధతి అంతా దాని మీదే నిలబడి ఉంది. పాట దేని గురించి పాడుతోందో దాన్ని గీయకండి, పాట నడకను గీయండి. కృష్ణుడి కీర్తన విని కృష్ణుణ్ణి వేస్తే అది కృష్ణుడి బొమ్మ అవుతుంది, ఆ పాట వినకపోయినా వేయొచ్చు. పాట ఎంత నింపాదిగా మొదలైంది, ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఎక్కడ బరువెక్కింది, ఎక్కడ జారి మళ్లీ షడ్జం (‘స’) మీద నిలబడింది అన్నవి కాగితం మీదికి రావాలంటే మాత్రం వినక తప్పదు.

రాగానికి బొమ్మ కట్టడం మనకు కొత్త కాదు. రాజస్థాన్‌లో, పహాడీ కొండల్లో, మన దక్కనులో వేసిన రాగమాల చిత్రాల్లో ఒక్కో రాగానికీ ఒక నాయకుడో నాయికో, ఒక ఋతువో, ఒక వేళో ఉంటాయి. అది కథ దారి. గొప్ప దారే గానీ నేను నడిచేది అది కాదు. నాకు దగ్గరగా అనిపించేది విష్ణుధర్మోత్తర పురాణంలోని మాట. ప్రతిమలు చేయడం నేర్పమని వజ్రుడనే రాజు మార్కండేయుణ్ణి అడుగుతాడు. దానికి ముందు చిత్రం తెలియాలంటాడు ముని. చిత్రానికి నృత్యం, నృత్యానికి వాద్యం, వాద్యానికి గీతం తెలియాలంటాడు. బొమ్మ నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి చివరికి పాట దగ్గర కూర్చోబెట్టాడు.

మొదటి అడుగు: పాటను ఎంచుకోవడం

సినిమా పాటతో మొదలుపెట్టొద్దు. అది తక్కువదని కాదు. పల్లవి వినపడగానే తెర మీద చూసిన సీను కళ్ల ముందుకొస్తుంది, చెయ్యి దాన్నే గీస్తుంది. మాటలు లేని వాద్య సంగీతంతో మొదలుపెట్టండి. 5 నుంచి 8 నిమిషాల నిడివి సరిపోతుంది. గంట కచేరీ మొత్తాన్ని ఒక కాగితం మీద పెట్టాలనుకుంటే అన్నీ కలిసి బురద రంగు అవుతుంది.

స్వరాలు తక్కువున్న రాగం మేలు. మోహన, హిందోళం 5 స్వరాల రాగాలు. ఇంకా తక్కువ కావాలంటే మా సీమలోనే ఉంది. రాజోలు దగ్గరి శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 4 స్వరాలతోనే రాగాలు కట్టారు. ‘మహతి’లో స, గ, ప, ని మాత్రమే ఉంటాయి. ‘లవంగి’లో స, రి, మ, ద. నాలుగు మెట్ల మీద ఎంత దూరం తిరగొచ్చో విన్నాక, నాలుగు రంగులతో బొమ్మ వేయడానికి భయం పోతుంది.

వీణ అయితే ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వాదనం, ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారి వాదనం వెతికి వినండి. ఇద్దరిదీ ఒకే గురుశిష్య దారి, అయినా చేతి బరువు వేరు. ఆ తేడా చెవికి పట్టిందంటే సగం పని అయినట్టే.

కచేరీ సంగీతమే కానక్కర్లేదు. ఊడ్పుల్లో ఆడవాళ్లు పాడే పాట, పెళ్లిలో సన్నాయి, కనుమ రోజు జగ్గన్నతోటకు ప్రభలు వస్తుంటే మోగే మేళం, ఏదైనా సరే. కాకపోతే అక్కడ నిలబడి వింటే కళ్లకు కనిపించేదే ఎక్కువ పట్టుకుంటుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంటికొచ్చి, కొన్ని రోజులు ఆగి వినండి. ప్రభల రంగులు మనసులోంచి కాస్త వెనక్కి తగ్గాక డోలు దెబ్బ విడిగా వినిపిస్తుంది.

రెండో అడుగు: మూడుసార్లు వినడం

మొదటిసారి కళ్లు మూసుకుని వినండి. చేతిలో పెన్సిల్ కూడా ఉండకూడదు. అయిపోయాక మూడే ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఇది నన్ను కిందికి లాగిందా, పైకి లేపిందా? ఎక్కువ భాగం ఎక్కడ తిరిగింది, కింది స్థాయిలోనా, మధ్యలోనా, పైనా? ఎక్కడ ఆగింది?

రెండోసారి చేత్తో తాళం వేస్తూ వినండి. ఆలాపన, అంటే తాళం లేకుండా రాగాన్ని విస్తరించడం, ఉంటే తాళం దొరకదు, దొరకలేదని రాసుకోండి. అది కూడా పనికొచ్చే సమాచారమే, ఎందుకో తర్వాత చెబుతాను.

మూడోసారి గాలిలో చెయ్యి ఆడిస్తూ వినండి. స్వరం పైకి వెళ్తే చెయ్యి పైకి, కిందికొస్తే కిందికి. భుజం దగ్గర నుంచి కదలాలి, మణికట్టు దగ్గర నుంచి కాదు. చూసేవాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడితే తలుపేసుకోండి, కానీ ఈ అడుగు దాటేయొద్దు. కాగితం మీద పడబోయే గీత మొదట ఇక్కడే పుడుతుంది.

మూడో అడుగు: కొబ్బరి ఈనెతో వినికిడి గీతలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. నెలకు ఒక పెయింటింగ్ పూర్తిచేస్తే, దానికోసం ఇలాంటి గీతల కాగితాలు ముప్పై నలభై అవుతాయి.

పాత న్యూస్‌ప్రింటో బ్రౌన్ పేపరో తీసుకోండి. ఖరీదైన కాగితం పెడితే పాడవుతుందని చెయ్యి ముడుచుకుంటుంది. గీయడానికి పెన్సిల్ వద్దు, కొబ్బరి ఈనె కావాలి. మా వైపు దానికి కొదవ లేదు. చీపురు నుంచి కాస్త లావుపాటి ఈనె లాగి, మొదలు వైపు రెండు సెంటీమీటర్ల మేర రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున్నే రాయి మీద పెట్టి చిన్న సుత్తితో నెమ్మదిగా నలిపితే లోపలి నార విడిపోయి చిన్న కుచ్చులా తయారవుతుంది. దాన్ని నల్ల ఇంకులో ముంచి గీయాలి.

బజారులో అన్ని బ్రష్‌లు ఉండగా ఇదెందుకంటే, వీణ తీగలాగే ఈనె వంగి మళ్లీ లేస్తుంది. చెయ్యి ఏ కాస్త వణికినా గీతలో తెలుస్తుంది. ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఈనె ఎక్కువ ఇంకు పట్టదు. జానెడు గీత గీసేసరికి ఇంకు అయిపోతూ గీత గరుకుగా, పలచగా మారుతుంది. వీణ మీద మీటిన స్వరం కూడా అంతే, పుట్టిన క్షణం నుంచే సన్నగిల్లుతూ ఉంటుంది. మీటు దగ్గర చిక్కటి నలుపు, ఆ తర్వాత క్రమంగా పలచబడే గీత. నేను ప్రయత్నించి తెచ్చింది కాదు, పనిముట్టే అలా గీసింది.

వీణ మీద 24 మెట్లుంటాయి. కానీ విద్వాంసులు ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పలికిస్తారు. మీటింది ఒక్కసారే, స్వరం మాత్రం మారుతూ పోతుంది. అలాంటి చోట ఈనెను కాగితం మీద నుంచి లేపకండి. గీత ఒంపు తిరగాలి, తెగకూడదు. కొత్తగా మీటు వినపడినప్పుడే ఈనె లేపి మళ్లీ ముంచండి. ఈ ఒక్క నియమం పాటిస్తే మీ గీతల కాగితం చూసి పాట ఎక్కడెక్కడ మీటారో లెక్కపెట్టొచ్చు.

సన్నాయికి ఈనె సరిపోదు. అక్కడ ఊపిరి ఆగకుండా నడుస్తుంది, కాబట్టి నిండుగా తడిపిన 12 నంబరు గుండ్రటి బ్రష్ తీసుకోండి. ఊపిరి ఆగినప్పుడే బ్రష్ లేవాలి. మృదంగానికి, డోలుకు కొబ్బరి పీచు ఉండచుట్టి రంగులో అద్ది కొట్టండి. ఎడమవైపు నుంచి వచ్చే ‘తొం’ కోసం పెద్దగా, మెత్తగా ఒక అద్దకం. కుడివైపు ‘నం’ కోసం ఈనె మొనతో చిన్న చుక్క. మీటేదానికి ఈనె, ఊదేదానికి బ్రష్, కొట్టేదానికి పీచు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒక్కో కాగితం మీద ఒక నిమిషం పాటే గీయండి. అన్నీ అయ్యాక నేల మీద వరసగా పరిచి, నిలబడి చూడండి. వాటిలో రెండో మూడో మళ్లీ మళ్లీ కంటికి తగులుతాయి. అవే మీ బొమ్మ. మిగతావి కట్టగట్టి దాచండి, పారేయొద్దు.

నాలుగో అడుగు: తాళానికి ముగ్గు చుక్కలు

ఇది మా అమ్మ ముగ్గు పెడుతుంటే చూసి నేర్చుకున్నది. వాకిట్లో ముందు చుక్కలన్నీ పెట్టేస్తుంది, తర్వాత వాటి చుట్టూ గీత తిప్పుతుంది. చుక్కలు కదలవు, గీత ఎన్ని వంపులైనా తిరుగుతుంది. తాళం, రాగం మధ్య ఉన్న సంబంధం నాకు అంతకంటే తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

వాటర్‌కలర్ కాగితం సగం షీటు దాదాపు 56 సెంటీమీటర్ల వెడల్పు, 38 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఆది తాళానికి 8 దెబ్బలు. 56ను 8తో భాగిస్తే 7. అంటే 7 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పలచటి పెన్సిల్‌తో నిలువు గుర్తులు పెట్టుకోండి. మిశ్రచాపు తాళానికి 7 దెబ్బలు, 3, 4గా విడిపోతాయి. 56లో ఒక్కో దెబ్బకు 8 సెంటీమీటర్లు వస్తుంది, కాబట్టి ఎడమవైపు భాగం 24, కుడివైపు భాగం 32. కాగితాన్ని అలా విడగొట్టి చూస్తే నడిమికి కాస్త ఎడమవైపుగా ఒక గీత వస్తుంది. బొమ్మ ఎటో ఒరిగినట్టుంటుంది, పడిపోదు. మిశ్రచాపు విన్నప్పుడు నడకలో తెలిసే ఆ చిన్న కుంటు అదే. 5 దెబ్బల ఖండచాపు అయితే 2, 3గా విడగొట్టండి.

ఎడమ నుంచి కుడికి ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు. పైనుంచి కిందికి ఎన్ని వరసలు పెడతారో మీ ఇష్టం, నాకు నాలుగు చాలు. తాళం లేని ఆలాపన తీసుకుంటే ఈ చుక్కలేవీ వద్దు. రెండోసారి విన్నప్పుడు తాళం దొరకలేదని రాసుకోమన్నది ఇందుకే.

ఐదో అడుగు: రంగులు

ఇక్కడే అందరికీ టెన్షన్. "షడ్జానికి ఏ రంగండీ?" అని అడుగుతారు. స్వరానికో రంగు చొప్పున పట్టీ రాసుకుని నింపుకుంటూ పోతే అది లెక్కల పుస్తకంలా తయారవుతుంది. నేను రెండేళ్లు అలాగే చేశాను. ఒక్క బొమ్మ కూడా మిగుల్చుకోలేదు.

నాట్యశాస్త్రంలో భరతుడు రసాలకు రంగులు చెప్పాడు. శృంగారానికి శ్యామవర్ణం, హాస్యానికి తెలుపు, కరుణకు పావురం రంగు, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరవర్ణం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. దీన్ని శాసనంలా కాకుండా పెద్దల మాటలా తీసుకోండి. కరుణకు పావురం రంగు అనడం నన్ను చాలా కాలం ఆలోచింపజేసింది. దుఃఖమంటే నలుపు అనేస్తాం. ఆయన బూడిద రంగు అన్నాడు, అందులోనూ పావురం మెడ మీద తిరిగే రకరకాల ఛాయలున్న బూడిద.

దాన్ని కలపడం తేలికే. అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా, ఈ రెండు ట్యూబులు చాలు. సమంగా కలిపితే బూడిద. నీలం ఎక్కువైతే ముసురు పట్టిన ఆకాశం, సియెన్నా ఎక్కువైతే వరద గోదావరి. ఆషాఢ శ్రావణాల్లో పైనుంచి ఒండ్రుతో ఎర్రనీరు దిగినప్పుడు ధవళేశ్వరం నుంచి మా పాయల దాకా నది ఇటుక రంగుకు తిరుగుతుంది. చలికాలానికి తేరుకుని పచ్చబడుతుంది. ఒకే నది ఏడాదిలో ఎన్ని రంగులు మారుతుందో మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. అందుకే రంగులకు నేను పట్టీ చూడను, నది ఏ నెలలో ఉందో గుర్తు తెచ్చుకుంటాను. ఈ పాట గౌతమి మీద ఏ నెల? అలా అడిగితే చాలాసార్లు జవాబు వెంటనే వస్తుంది.

మరి స్వరాల సంగతి? రెండింటినే పట్టించుకోండి. ఒకటి తంబురా శ్రుతి. పాట మొత్తం వెనకాల అదే ఉంటుంది కాబట్టి అది నేల రంగు. కాగితం మొత్తానికి ముందు వేసే వాష్, అంటే పలచటి నీటిరంగు పూత, అదే. మిగతా రంగులన్నింటిలోనూ దాన్ని చిటికెడు కలపండి, అప్పుడు ఏ రంగూ పరాయిగా కనబడదు. రెండోది, రాగంలో లేని స్వరం. హిందోళంలో రిషభం (రి) లేదు, పంచమం (ప) లేదు. మామూలుగా చెవి సేదదీరే చోటు పంచమం. అది లేకపోవడంతో ఈ రాగం పాడేటప్పుడు కొందరు తంబురాను మధ్యమానికి (మ) శ్రుతి చేసుకుంటారు. నా హిందోళం బొమ్మలో అందుకే ఆకుపచ్చ ముట్టుకోలేదు. మా ఊళ్లో కన్ను సేదదీరే రంగు అదే మరి. ఎటు చూసినా వరి, కొబ్బరి. అది లేని కోనసీమ బొమ్మ అనేసరికి చూసేవాళ్లకు ఏదో వెలితి తెలుస్తుంది, ఏమిటో చెప్పలేరు. ఏ రంగు వాడాలన్న దానికంటే ఏది వాడకూడదన్నదే ముందు తేల్చుకోండి.

మొత్తం మీద 4 ట్యూబులు దాటొద్దు.

ఈ దారిలో నడిచిన పడమటి చిత్రకారులనూ చూడండి. కాండిన్‌స్కీ 1911 జనవరిలో మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ అనే సంగీతకర్త కచేరీ విని వచ్చి వేసిన బొమ్మలో నల్లటి పియానో ఆకారం ఉంటుంది, పసుపు వరదలా ముంచేస్తుంది. పాల్ క్లే వయొలిన్ బాగా వాయించేవాడు. వీళ్లను చూసి రంగులు కాపీ కొట్టడం కాదు, ధైర్యం తెచ్చుకోవాలి. గీత సంగతికొస్తే అంత దూరం అక్కర్లేదు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీకి వెళ్లండి. 1897లో పుట్టి 1925లో వెళ్లిపోయారు, 28 ఏళ్లైనా నిండలేదు. ఆ బొమ్మల్లో భుజం నుంచి నడుముకు, అక్కడి నుంచి చీర కుచ్చిళ్లకు గీత ఎలా సాగుతుందో చూడండి. ఎక్కడా తెగని ఆలాపనలా ఉంటుంది. నేను ఏడాదికి రెండుసార్లైనా వెళ్లి ఆ గీత ముందు నిలబడి వస్తాను.

ఆరో అడుగు: తడి

300 జీఎస్‌ఎం కాటన్ కాగితం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్నది) తీసుకోండి. ఐదారు నిమిషాలు నీళ్లలో నానబెట్టి, బోర్డు మీద పరిచి, నాలుగంచులూ గమ్ టేప్‌తో అంటించి, బల్లపరుపుగా పెట్టి ఆరనివ్వండి. లేదంటే వాష్ వేయగానే కాగితం అలలు అలలుగా లేస్తుంది.

వాటర్‌కలర్ పుస్తకాల్లో రాసిన ఆరే సమయాలు మా డెల్టాలో చెల్లవు. సముద్రం పక్కన, చుట్టూ కాలవలు, గాలిలో ఎప్పుడూ తేమే. ఎండాకాలం గబగబా ఆరే వాష్ వానాకాలం మధ్యాహ్నమైనా తడిగానే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే గాలి తగిలిన వైపు ముందు ఆరి మరకలు కడుతుంది. మొదట్లో దీంతో చాలా విసిగిపోయేవాణ్ణి. తర్వాత ఆ తేమను పాటకే వాడుకోవడం మొదలుపెట్టాను.

ఆలాపనకు తడి మీద తడి. కాగితం మెరుస్తూ ఉండగానే రంగు వదిలితే అది తనంతట తాను పాకుతుంది, అంచు ఎక్కడో తెలియదు. తాళం లేని రాగ విస్తారానికి ఇంతకంటే సరిపోయేది లేదు. వానాకాలంలో ఈ తడి ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి తొందర ఉండదు. కృతి మొదలై తాళం పడగానే పొడి మీద తడి. కింది పొర పూర్తిగా ఆరాక వేస్తే అంచులు తేలతాయి, చుక్కలకు తగ్గట్టు నిలబడతాయి. మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనానికి పొడి మీద పొడి. బ్రష్‌ను గుడ్డకు తుడిచి కాగితం మీద లాగితే గరుకు మీదే రంగు పడుతుంది.

ఆరిందో లేదో వేలు పెట్టి చూడకండి. చేతి వెనక భాగాన్ని కాగితానికి దగ్గరగా పెట్టండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

అల్ట్రామెరీన్‌కు ఒక గుణం ఉంది. తడి వాష్‌లో దాని రేణువులు కాగితం గుంటల్లోకి దిగి ఇసుక చల్లినట్టు కనబడతాయి. తంబురా రొదకు ఆ గరుకు బాగా కుదురుతుంది. బోర్డును కదపకుండా వదిలేయండి, అదే దిగుతుంది.

ఏడో అడుగు: ఆగిన చోట తెలుపు

వాష్ వేయకముందే చేయాల్సిన పని ఇది. మొదటిసారి వినగానే ‘ఎక్కడ ఆగింది’ అని రాసుకున్నారు కదా, ఆ చోట్లు కాగితం మీద గుర్తించి తెల్ల కొవ్వొత్తితో గట్టిగా రుద్దండి. మైనం ఉన్న చోట నీటిరంగు పట్టదు. తర్వాత ఎన్ని పొరలు వేసినా అక్కడ కాగితమే మిగులుతుంది. కొవ్వొత్తి గీసింది కంటికి సరిగా కనబడదు, వాలుగా వెలుతురులో పట్టి చూసుకోండి. పైన తెల్లరంగు పూసి మౌనం చూపిద్దామనుకుంటే అది ఇంకో శబ్దంలాగే కనబడుతుంది.

ఎనిమిదో అడుగు: పాట ఆపేసి వేయడం

వేస్తున్నంతసేపూ పాట మోగుతూనే ఉండాలని చాలామంది అనుకుంటారు. నా అనుభవం దానికి పూర్తిగా ఎదురు. వినికిడి గీతలప్పుడు పాట ఉండాలి. అసలు కాగితం మీద బ్రష్ పెట్టాక ఆపేయండి. లూప్‌లో పెడితే పదోసారికి చెవి వినడం మానేస్తుంది, చెయ్యి మాత్రం దాని వేగానికి పరిగెడుతుంది. వాష్ ఆరే వేగం వేరు, పాట వేగం వేరు. రెండింటినీ ఒకేసారి మోయలేం. పాట ఆగాక మనసులో మిగిలిందే బొమ్మకు పనికొచ్చేది. ఏమీ మిగల్లేదంటే ఇంకా సరిగా వినలేదని అర్థం, వెనక్కి వెళ్లి రెండో అడుగు మళ్లీ చేయండి.

రోజుకు ఒకటి రెండు పొరలు చాలు. సగం షీటుకు నాకు 8 నుంచి 10 రోజులు పడుతుంది.

ఎప్పుడు ఆపాలి

బొమ్మను తలకిందులుగా గోడకు ఆనించి పదడుగుల దూరం నుంచి చూడండి. బరువు ఒకే చోట పేరుకుందేమో అప్పుడు తెలుస్తుంది. తర్వాత పాట పెట్టి, బొమ్మ మీద వేలు నడపండి. వేలు ఎక్కడ తడబడితే అక్కడ ఏదో అదనంగా ఉంది. ఇంకా వేయకండి, తడి స్పాంజితో కొంచెం తీసేయండి.

వీలైతే సంగీతం తెలిసినవాళ్లకు చూపించండి. మా వీధిలో మృదంగం వాయించే పెద్దాయన ఒకరున్నారు. నా మిశ్రచాపు బొమ్మ చూసి ఏమీ అనలేదు. దగ్గరికొచ్చి, చుక్కలున్నాయని నేను చెప్పకముందే బల్ల మీద మూడు, నాలుగు అని వేళ్లతో కొట్టారు. "ఇదిగో ఇక్కడ మాత్రం ఎనిమిదైందయ్యా" అని కుడి అంచు చూపించారు. నిజమే, అక్కడ ఒక అద్దకం ఎక్కువ పడింది. ఆ రాత్రే తడిపి తీసేశాను.

దాచుకోవడం

తొందరగా చెప్పేస్తాను గానీ తేలిగ్గా తీసుకోకండి. ఒక వానాకాలం ఐదు బొమ్మలు ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి బీరువాలో పెట్టాను. దసరాకు తీసి చూస్తే అన్నిటి మీదా గోధుమ రంగు మచ్చలు. లోపల చిక్కుకున్న తేమకు బూజు పట్టింది. అప్పటి నుంచి ప్లాస్టిక్ ముట్టను. బొమ్మకూ బొమ్మకూ మధ్య పలచటి కాగితం పెట్టి, అట్టల మధ్య, గాలి ఆడే చోట పెడతాను. ఎండ కాసిన రోజు తీసి నీడలో ఓ గంట ఉంచుతాను. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం రంగుకు తగలకూడదు, మధ్యలో మౌంట్ బోర్డు ఉండాలి. ఒక షాపువాళ్లు అది లేకుండానే కట్టి ఇచ్చారు. రెండో వానాకాలానికి రంగు అద్దానికి అతుక్కుపోయింది. వానకు తడిసే బయటి గోడకు తగిలించొద్దు, ఎండ నేరుగా పడే చోటా వద్దు.

చివరగా, బొమ్మ వెనక పెన్సిల్‌తో వివరాలు రాయండి. రాగం, తాళం, వాద్యం, ఎవరి వాదనం, ఎన్ని నిమిషాలు, ఏ నెల. కొన్నేళ్లకు మీకే గుర్తుండదు. వీణ ఎక్కడుందని అందరూ అడిగే ఆ బొమ్మ వెనక నేను రాసుకున్నది ఇది: ‘హిందోళం ఆలాపన. వీణ. 6 నిమిషాలు. తాళం లేదు, ఆకుపచ్చ లేదు. శ్రావణం, ముసురు. కాలవలో ఎర్రనీరు. కుడివైపు తెలుపు: ఆయన మీటడం ఆపి, తీగ ఊరుకునే దాకా ఆగిన చోటు.’